పెద్ద ఫిడేలు సాయబు పాట

పాల్వంచ బస్టాండు పక్కన ఒక బ్యాండు షాపు ఉండేది. నేను రోజూ సాయంత్రం అక్కడ కూర్చునేవాణ్ణి. సంగీతం కోసం కాదు. ఆ రోజుల్లో నేను రాసిన వార్తలన్నీ ఒక కవర్లో పెట్టి ఖమ్మం వెళ్ళే బస్సు డ్రైవరు చేతికి ఇవ్వాలి. ఖమ్మంలో మా పత్రిక మనిషి దాన్ని అందుకునేవాడు. బస్సు ఎప్పుడూ వేళకు వచ్చేది కాదు. ఎండకూ వానకూ రోడ్డు మీద నిలబడలేక ఆ షాపు ముందున్న బల్ల మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

షాపులో గోడకు ట్రంపెట్లు, ఒక సాక్సోఫోను వేలాడేవి. మూలన పెద్ద డ్రమ్ము. దాని వెనక, పాత దుప్పటి కప్పుకుని, మనిషికంటే ఎత్తుగా ఒక వాయిద్యం నిలబడి ఉండేది. ఊళ్ళో దాన్ని పెద్ద ఫిడేలు అనేవారు. షాపు యజమానిని పెద్ద ఫిడేలు సాయబు అనేవారు. దాని అసలు పేరు డబుల్ బేస్ అని ఆయనే నాకు చెప్పారు. చెప్పి, ‘ఊరోళ్ళు పెట్టిందే మంచిగుంది, ఉండనియ్యిన్రి’ అన్నారు.

ఆయన పుట్టింది ఖమ్మంలో, బ్యాండు మేళం నడిపే కుటుంబంలో. చిన్నప్పుడే తండ్రి ట్రంపెట్ లాంటి కార్నెట్ ఒకటి చేతికిచ్చాడు. మీసాలు వస్తున్న వయసులో మధిరలో ఒక పెళ్ళికి వాయించడానికి వెళ్ళి, అక్కడ తండ్రితో మాటామాటా వచ్చి, బ్యాండు యూనిఫారంతోనే రైలెక్కి బొంబాయి చేరుకున్నారు. అక్కడ ఒక పెద్ద హోటల్లో జనం డ్యాన్సు చేసే హాలు ఉండేది. అందులో వాయించే జట్టులోని గోవా పెద్దాయన ఈయన్ని చేరదీశాడు. కార్నెట్ ఊదేవాళ్ళు అప్పటికే అక్కడ చాలామంది ఉన్నారు. డబుల్ బేస్ మోసుకు తిరగడానికి మాత్రం ఎవరూ ఇష్టపడేవారు కాదు. అలా అది ఈయనకు వచ్చింది.

వాళ్ళు వాయించేది జాజ్. అదేమిటని నేనడిగితే ఆయన చాలా మామూలుగా చెప్పారు. అందరూ కలిసి ఒక పాట మొదలుపెడతారు. తర్వాత ఒక్కొక్కరూ తమకు తోచినట్టు దాన్ని విప్పుకుంటూ ఎటో వెళ్తారు. చివరికి అందరూ మళ్ళీ పాట దగ్గరికి వచ్చి చేరతారు.

“అందరు ఎటు పోయినా కింద ఒకడు దారి తప్పకుండ నడుస్తుండాలె,” అన్నారు. “గా నడిచేటోన్ని నేను. పాట బాగుంటె ట్రంపెటోన్ని మెచ్చుకుంటరు. బాగలేకుంటె అందరు నా దిక్కు చూస్తరు.”

ఆ హాలు కోసం ఆయన కొన్ని పాటలు కట్టారు. వాటికి మాటలు ఉండవు, వరసలు మాత్రమే. జట్టు నాయకుడు వాటిని తన పేరు మీదే వినిపించేవాడు. రికార్డులేవీ రాలేదు. తర్వాత హోటలువాళ్ళు జట్టును తీసేసి టేపులు, రంగు దీపాలు తెచ్చారు. కొన్నాళ్ళు సాయబు సినిమా రికార్డింగుల్లో వాయించారు. అక్కడికీ కరెంటుతో నడిచే బేస్ గిటారు వచ్చింది. ఆ పాటలు తెలిసినవాళ్ళు తలో దిక్కు వెళ్ళిపోయారు. ఆయన మాటల్లో ఫిర్యాదు ఉండేది కాదు. “హాలుతోటే పాటలు పోయినయ్” అనేవారు, సామాను పోయిందని చెప్పినంత తేలిగ్గా.

తండ్రి పోయాక అన్న ఆ మేళాన్ని ఖమ్మం నుంచి పాల్వంచకు మార్చాడు. థర్మల్ కేంద్రం, ఫ్యాక్టరీల కాలనీలు వచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు పెరిగాయి. డెబ్బైల చివర్లో అన్న కూడా పోయాడు. షాపు, అన్న కొడుకు, వదిన మిగిలారు. ఈయన పెళ్ళి చేసుకోలేదు. బస్సు టాపు మీద దుప్పటి చుట్టిన డబుల్ బేస్‌తో వచ్చి దిగారు.

ఊరేగింపు బ్యాండులో అందరూ నడుస్తారు. ఆ వాయిద్యం నడవదు. దాన్ని నేల మీద నిలబెట్టి, పక్కన నిలబడి, వేళ్ళతో తీగలు లాగి వాయించాలి. ఆయన దానికొక ఉపాయం చేశారు. ట్రాక్టరు ట్రాలీలో దాన్ని తాళ్ళతో కట్టి, తానూ ఎక్కి నిలబడేవారు. ముందు మేళం నడిచేది, వెనక ట్రాలీ. పెళ్ళి వాళ్ళకు అదొక వింత. మైకు గొట్టాల్లో దాని నాదం పలికేది కాదు. డ్రమ్ముల హోరులో పక్కవాడికి కూడా వినిపించేది కాదు. జనం చూసేవారు తప్ప వినేవారు కాదు.

ఒకసారి భద్రాచలం వైపు పెళ్ళికి వాయించి వస్తుంటే, బస్సు దొరకక నేనూ వాళ్ళ ట్రాలీలో ఎక్కాను. ఫారెస్టు నాకా దగ్గర గార్డు ఆపాడు. టేకు దొంగతనంగా తరలిపోతోందని తనిఖీలు గట్టిగా ఉన్న రోజులు. దుప్పటి తీసి, వేలి కణుపుతో వాయిద్యాన్ని కొట్టి చూశాడు.

“ఏందిది?”

“ఫిడేలు సార్,” అన్నారు సాయబు.

“గింత ఫిడేలా? ఏం కర్ర?”

“దేవదారు అసుమంటిది సార్. మన అడవిది కాదు. పరాయి దేశంది.”

“పరాయి దేశం కర్రకు మా అడవిల ఏం పని? పర్మిట్ చూపియ్.”

పెద్ద డ్రమ్ము వాయించే అతను కల్పించుకున్నాడు. “లోపల బోలు సార్. కర్ర తక్కువ, గాలి ఎక్కువ.”

“ఫిడేలైతె పలుకుతది కద. వాయించు, చూస్త.”

సాయబు ట్రాలీలోనే నిలబడి వాయించారు. డ్రమ్ములు, మైకులు లేకుండా ఆ వాయిద్యాన్ని నేను వినడం అదే మొదలు. ఆ నాదం చెవికంటే ముందు ట్రాలీ చెక్కల గుండా కాళ్ళకు తెలిసింది. బరువైన మనిషి తొందర లేకుండా, అడుగు తడబడకుండా నడుస్తున్నట్టు ఉంది. గార్డు కాసేపు విన్నాడు.

“మరి పాటేది?”

“పాట పైన ఉంటది సార్. ఇది కిందిది.”

“పైంది ఎప్పుడొస్తది?”

అందరూ నవ్వారు. గార్డు కూడా నవ్వి దారికి అడ్డంగా ఉన్న కర్ర పైకెత్తాడు.

ఆ పైది ఆయన అప్పటికే కడుతున్నారు. థర్మల్ కేంద్రం దగ్గర్లో ఉన్నవాళ్ళకు ఎప్పుడూ ఒక మోత వినిపిస్తుంటుంది. కొన్నాళ్ళకు అలవాటైపోయి ఎవరికీ పట్టదు. ఆయనకు మాత్రం పట్టింది. తన వాయిద్యంలో అన్నిటికంటే సన్నని తీగ, ఆ కరెంటు మోత దాదాపు ఒకే శ్రుతి అని కనిపెట్టారు. “తంబూర కిరాయి లేకుండ దొరికింది” అనేవారు. దాని మీద ఒక పాట కట్టారు. బొంబాయి పద్ధతి పాటే. కాని అందులో మన వైపు పెళ్ళి సన్నాయి మలుపు ఒకటి ఉంది. హుషారైన పాట. కుర్రాళ్ళ కాళ్ళు ఆగవు. పోయిన పాటల సంగతి ఎలా ఉన్నా, ఈ ఒక్కదాన్ని తన ఊరివాళ్ళ ముందు, తన వాయిద్యం కింద నడుస్తుండగా వినాలని ఆయనకు కోరిక. అంతకుమించి ఆయన ఏదీ కోరగా నేను వినలేదు.

ఎనభైల్లో ఒక ఏడు, మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయినప్పుడు, ఖాళీగా ఉన్న తన మేళానికి ఆ పాట నేర్పడం మొదలుపెట్టారు. అప్పుడే ఎలుకలు పని చెడగొట్టాయి. ఆ వాయిద్యం తీగలు పశువుల పేగుతో చేసినవి. రాత్రికి రాత్రి లావు తీగలన్నీ కొరికేశాయి. సన్నని తీగ ఒక్కటే మిగిలింది. ఖమ్మంలో, హైదరాబాదులో అలాంటివి దొరకవు. బొంబాయి వెళ్ళి తెచ్చుకోవాలి. అందుకని తన వాయిద్యం వాయించాల్సిన కింది నడకను ఆయన నోటితో పాడుతూ, కాలితో నేల తన్నుతూ పై పాట నేర్పారు.

పాటను ముందుండి నడిపించేది క్లారినెట్. అది వాయించే పెద్దాయన సాయబు తండ్రి దగ్గర నుంచీ ఆ మేళంలో ఉన్నవాడు. భద్రాచలం రోడ్డు మీద ఒక పల్లెలో ఇల్లు. మొదట ఆ పాటను చూసి బెదిరాడు.

“భాయ్, గిదేం పాట. పట్టుకుంటె జారుతది.”

“జారనియ్ పెద్దన్నా. జారినకాడల్ల నేను కింద ఉంట.”

“నువ్వు ఉంటవ్ గని, నీ ఫిడేలుకు తీగల్లేవు కద. యాడ పడాలె నేను?”

నెల తిరిగేసరికి ఆయనే దాన్ని వదలలేకపోయాడు. అన్నం తినేటప్పుడు కూడా వేళ్ళు కంచం మీద ఆడించేవాడట. ఆ క్లారినెట్ మీద ఆ పాట విన్నాక సినిమా పాటలు నాకు కొన్నాళ్ళు చప్పగా అనిపించాయి.

ఒక మధ్యాహ్నం వాళ్ళు సాధన చేస్తుండగా ఒక రైతు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి క్లారినెట్ పెద్దాయన పల్లె పక్కనే భూములు కొని స్థిరపడ్డ కుటుంబం. కూతురి పెళ్ళికి మేళం మాట్లాడుకోవడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. పాట అయ్యాక అన్నాడు:

“ఇది ఏ సినిమాలోదండీ మాస్టారూ?”

“సినిమాది కాదు సార్. మనదే.”

“అంటే ఇంకెవరి పెళ్ళిలోనూ వాయించలేదా?”

“ఎక్కడ వాయించలే.”

“అయితే ఎదుర్కోలుకి ఇదే పెట్టండి. ఆ ఫిడేలూ తీసుకురండి. రోడ్డు మీద కాదు, పందిట్లో చెక్కలు వేయిస్తాను. మగపెళ్ళివారు దిగేసరికి వాళ్ళెప్పుడూ వినంది వినాలి. మా వియ్యంకుడు ప్రతిదానికీ మా ఊళ్ళో చూశాం అంటాడు. దీన్ని అనలేడుగా.”

ఊరేగింపు కాదు, ట్రాలీ కాదు. నిలబడి వాయించడానికి చెక్కల వేదిక. మూఢం వెళ్ళగానే పెళ్ళి. ఆ సాయంత్రం సాయబు నాకు టీ తెప్పించి, తాను తాగడం మరచిపోయి కూర్చున్నారు. ఆ వారంలోనే తీగల కోసం బొంబాయి బయల్దేరారు.

ఆయన అక్కడ ఉండగా క్లారినెట్ పెద్దాయన చనిపోయాడు. ఎప్పటినుంచో ఉన్న ఆయాసం. దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయింది. బొంబాయికి కబురు చేయడానికి ఎవరి దగ్గరా చిరునామా లేదు. మర్నాడే పల్లెలో దహనం. నేను వెళ్ళాను. మా వైపు శవం ముందు బ్యాండు వాయిస్తారు. తోటి కళాకారుడి శవం ముందు మేళం మొత్తం యూనిఫారాలు వేసుకుని నిలబడింది. ట్రంపెట్ అతను ముందుగా ఎత్తుకున్నాడు.  అది సాయబు పాట. హుషారు తీసేసి, శవయాత్ర అడుగుకు సరిపడా నెమ్మదిగా వాయించారు. ఊరంతా ఏడ్చింది. ఊరేగింపు రోడ్డెక్కి, ఆ రైతు ఇంటి గేటు ముందు నుంచే శ్మశానానికి పోయింది. గేటు లోపల ఆడవాళ్ళు నిలబడి చూశారు.

మా ప్రాంతంలో ఒక కట్టుబాటు ఉంది. చావుకు వాయించిన పాట పెళ్ళికి వాయించరు. సినిమా పాట అయితే ఆ ఊరి వరకు పక్కన పెడతారు, కొన్నాళ్ళకు మరిచిపోతారు. మొట్టమొదట చావులోనే విన్న పాటకు ఆ వెసులుబాటు కూడా ఉండదు. అది శవం పాట అయిపోతుంది.

సాయబు తీగలు తీసుకుని వచ్చిన రోజు నేను ఆ బల్ల మీదే ఉన్నాను. పెద్దన్న పోయాడన్న మాట విని సంచి దించకుండానే గుమ్మంలో కూర్చున్నారు. డ్రమ్ము అతను పక్కన కూర్చుని మిగతాది చెప్పాడు.

“ఆఖరి దాక గదే ఊదుకుంట ఉండె భాయ్. మాకు ఇంకో పాట తోచలే.”

సాయబు తల ఊపారు. “మంచిగ వాయించిన్రా?”

“మంచిగనే వాయించినం.”

“ఎంత నడకల?”

“మెల్లగ. శవం ముందల ఉరుకుతమా?”

ఆయన లేచి షాపులోకి వెళ్ళారు. సంచి విప్పి కొత్త తీగలు బిగించుకోవడం మొదలుపెట్టారు.

రెండు రోజులకు రైతు వచ్చాడు. నిలబడే మాట్లాడాడు. “ఏమనుకోకండి మాస్టారూ. మా అమ్మ విన్నదండి గేటు దగ్గర. ఆ పాట గుమ్మంలోకి రానివ్వనంటోంది. మిగతావన్నీ మీరే వాయించండి, ఫిడేలు కూడా తేండి. అదొక్కటీ వద్దు.” మనిషి చెడ్డవాడు కాదు. నిజంగానే బాధపడ్డాడు. పెళ్ళిలో చెక్కల వేదిక వేయించాడు కూడా. సాయబు దాని మీద నిలబడి ఆ ఏటి సినిమా పాటల కింద కొత్త తీగలతో నడిచారు.

దూరంగా పోతే ఎవరికీ తెలియదు కదా అని మరుసటి ఏడు బోనకల్ దగ్గర ఒక పెళ్ళిలో ప్రయత్నించారు. అప్పటికి ఆ పాట ఆయనకంటే ముందు వెళ్ళిపోయింది. దహనానికి వచ్చిన వేరే మేళాల వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. ట్రంపెట్ రెండు మలుపులు తిరిగిందో లేదో, పందిట్లో ఒక ముసలాయన లేచి చెయ్యెత్తాడు. “ఏయ్, ఆపున్రి. శవం పాట అది. ఎవలు చెప్పిన్రు మీకు?” సాయబు వేళ్ళు తీగల మీదే ఆగిపోయాయి. నడక ఇంకా మొదలు కాలేదు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. పెళ్ళి వద్దు, ఊరేగింపు వద్దు, తలుపు వేసుకుని షాపులోనే ఒక్కసారి మీకోసం మీరు వాయించుకోవచ్చు కదా అన్నాను. సాయబు మేళం వైపు చూశారు. డ్రమ్ము అతను నా మీద విసుక్కున్నాడు.

“శవం లేంది ఎట్ల వాయిస్తం సార్? చావును పిలిచినట్టయితది. ఇండ్లల్ల పిల్లలున్నరు.”

ఆయన వాళ్ళను బలవంతపెట్టలేదు. మధ్యాహ్నం వేళ షాపులో ఎవరూ లేనప్పుడు కింది నడక మాత్రం ఒక్కరే వాయించుకునేవారు. అది వింటే ఏ పాటో ఎవరికీ తెలియదు కనుక ఎవరికీ అభ్యంతరం లేదు. నేను కళ్ళు మూసుకుని, విన్న క్లారినెట్‌ను దాని మీద పెట్టుకోవాలని చూసేవాణ్ణి. కాసేపు కుదిరేది. తర్వాత నాకు దారి తప్పేది.

ఒకసారి ఆయన మీద రాశాను. పత్రికలో జిల్లా పేజీలో వేశారు. చోటు చాలక ఫొటోలో వాయిద్యం మెడ, పక్కన ఆయన తల కత్తిరించారు. కింద ‘భారీ వీణతో కళాకారుడు’ అని రాశారు. ఆయన దాన్ని షాపులో అంటించి, వచ్చినవాళ్ళకు చూపించి నవ్వేవారు. “తలకాయ లేకున్న వాయిస్తున్న చూడున్రి” అనేవారు.

శవయాత్రల్లో మాత్రం ఆయన దాని కింద వాయించలేదు. మేళం వెళ్ళేది, ఆయన షాపులో ఉండిపోయేవారు. ఎనభైలు ముగిసేసరికి గోదావరి దాకా ఆ పాట లేకుండా శవం లేవడం తక్కువైంది. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. అడిగేవారూ లేరు. బస్టాండు ముందు నుంచి వేరే మేళం దాన్ని వాయిస్తూ పోతుంటే ఆయన లేచి లోపలికి వెళ్ళేవారు. “మలుపు తప్పు ఊదుతున్నరు” అనేవారు, అంతే.

తర్వాత ఆ రైతు తల్లి పోయింది. గుమ్మంలోకి రానివ్వనన్న ఆవిడే. రైతు స్వయంగా వచ్చాడు. జుట్టు నెరిసింది.

“మాస్టారూ, అమ్మ చాలాసార్లు అనేదండి. ఆ రోజు గేటు దగ్గర విన్న పాటే తన వెంట రావాలని. మీరూ రావాలి. వాకిట్లో చెక్కలు వేయిస్తాను, అప్పుడు వేయించినట్టే. శవాన్ని లేపే ముందు కాసేపు వాయించండి.”

సాయబు లేచి ఆయనకు బల్ల చూపించారు. “మేళాన్ని పంపుత సార్. నేను రాను. అది నేను పెండ్లికి చేసిన,” అన్నారు. రైతు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మేళం వెళ్ళి వాయించి వచ్చింది.

తొంభైల మధ్యలో ఆయన వేళ్ళు వంకరపోయాయి. కీళ్ళ జబ్బు. తీగలు లాగలేని స్థితి వచ్చింది. ఒక సాయంత్రం నేను బల్ల మీద కూర్చుని ఉండగా, ఏదో కొనసాగిస్తున్నట్టు, మొదలూ చివరా లేకుండా అన్నారు:

“ఆ ముసలమ్మకాడికి పోవాల్సింది సార్.”

నాకు వెంటనే తట్టలేదు. ఆయనే చెప్పారు. “పందిరైతె ఏంది, పాడె అయితె ఏంది. చెక్కలు వేసిండు. మనుషులున్నరు, మేళం ఉంది. తీగలు మంచిగుండె, వేళ్ళు మంచిగుండె. మెల్లగైతె ఏమాయె, నేనూ మెల్లగ నడిచేటోన్ని. ఒక్కసారి వినేటోన్ని కద.”

  బస్సు వచ్చింది. లేచి కవరు ఇచ్చి వచ్చేసరికి ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

మరుసటి వేసవిలో ఆయన పోయారు. ముసల్మానుల శవం ముందు మేళం వాయించరు. జనాజా బస్టాండు ముందు నుంచి వెళ్ళింది. మేళం వాళ్ళంతా వచ్చారు. యూనిఫారాలు వేసుకోలేదు, చేతుల్లో వాయిద్యాలు లేవు. ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి భుజం పట్టారు. గోదావరి దాకా ప్రతి ఇంటి మనిషీ ఆ పాటతో పోతున్నాడు, కట్టినాయన మాత్రం అది లేకుండా వెళ్ళారు. డ్రమ్ము అతను నా పక్కన నడుస్తూ, చేతులు ఏం చేయాలో తెలియనట్టు, వాటిని ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ వచ్చాడు.

షాపు అన్న కొడుకు చేతికి వచ్చింది. అతను మేళంలో కాసియో కీబోర్డు పెట్టాడు, వ్యాపారం బాగానే నడుపుతున్నాడు. డబుల్ బేస్‌ను బయటికి తెచ్చి, తీగలు తీసేసి, దాని వెనక పలక మీద ఎర్ర రంగుతో షాపు పేరు రాయించి రోడ్డు పక్కన నిలబెట్టాడు. అతన్ని తప్పుపట్టను. ఊళ్ళో అందరికీ అది గుర్తు. రెండు వానాకాలాలు గడిచేసరికి దాని ముందు పలక జిగురు వదిలి పక్కకు ఒరిగింది.

కొన్నాళ్ళ క్రితం పనిమీద పాల్వంచ వెళ్ళి, థర్మల్ కేంద్రం గోడ పక్కన రోడ్డు దాటడానికి ఆగాను. శవయాత్ర వస్తోంది. అదే పాట. ఎవరో కుర్రాడు క్లారినెట్ మీద మలుపు సరిగ్గానే తిప్పాడు. గోడ అవతల నుంచి కరెంటు మోత వస్తోంది, ఆయన సన్నని తీగ శ్రుతి. అది ఉన్నచోటే ఉంది. పాట దాని మీదుగా వెళ్తోంది. దాని కింద ఇప్పుడు ఆయన తీగల నడక మొదలవ్వాలి అనిపించిన చోట నేను చెవి ఒగ్గి నిలబడ్డాను. మేళం నన్ను దాటి మలుపు తిరిగి వెళ్ళిపోయింది.